నాలుగు వేల పైన

1999 మార్చి 12

ఆఖరి రికార్డింగ్ అయిపోయింది. దేవుడి పాటల క్యాసెట్. కోరస్ అమ్మాయిలు నలుగురు, హార్మోనియం, తబలా. మధ్యాహ్నం మూడుకే ముగిసింది. ఓనర్ అశ్వత్థప్ప గారు మైసూర్‌పాక్ తెప్పించారు. అందరూ నిలబడే తిన్నారు.

చిక్కపేట సందులో, చీరల అంగడి పైన, ఆ రెండు గదుల్లో ఇరవై రెండేళ్లు కూర్చున్నాను. వచ్చే నెల నుంచి అదీ చీరల గోడౌనే. ఊళ్లో అందరూ కంప్యూటర్‌కు మారిపోయారు, టేపు మీద పాడించేవాడు లేడు, నాకూ వయసైంది శ్రీనివాసప్పా అన్నారాయన.

ఖాళీగా మిగిలిన లాగ్ బుక్ ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను. ఇందులోనే రాస్తున్నాను. నేను చదివింది కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు నాయన ఇంట్లో దిద్దించాడు. నా భార్య రత్నమ్మకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. అందుకే తెలుగులో.

మార్చి 14

ఎవరికీ చెప్పనిది రాస్తాను. స్టూడియో మూతపడినందుకు నాకు లోపల ఒక మూల హాయిగా ఉంది.

రెండేళ్లుగా నా మిక్సింగ్ చెడిపోయింది. ‘స’ వచ్చిన చోటల్లా చెవి కోస్తోందప్పా అని అశ్వత్థప్ప గారు రెండుసార్లు అన్నారు. క్యాసెట్లు కాపీ చేసేవాళ్ల మీద నెట్టేశాను. నిజం వేరే. నాకు ట్రెబుల్, అంటే పైస్థాయి సన్న శబ్దం, చాలడం లేదు. చాలేదాకా నాబ్ తిప్పుతాను. నాకు చాలేసరికి మిగతావాళ్లకు ఎక్కువైపోతుంది.

టేపు హిస్, వెనకాల వచ్చే ఆ సన్నటి బుస, వినపడి ఎన్నాళ్లయిందో. కొత్త టేపులు బాగున్నాయి, హిస్ లేదు అనుకుంటూ వచ్చాను. పోయిన దసరాకు కోరస్ అమ్మాయి ఒకతె హెడ్‌ఫోన్ తీసి, హిస్ ఎక్కువుంది సార్ అంది. అవునమ్మా అని తల ఊపాను.

రికార్డింగ్ ఇంజనీరుకు చెవులు పోతున్నాయి. ఈ ఒక్క ముక్క రాయడానికి రెండు రోజులు పట్టింది.

మార్చి 29

ఎనిమిది ట్రాకుల టేపు మెషిన్‌ను తీసుకుపోయారు. హుబ్బళ్లి ఆయన ఎవరో కొన్నాడట. నలుగురు హమాలీలు మెట్ల మీద దాన్ని పక్కకు తిప్పుతుంటే చూడలేక కిందికి దిగాను. తోపుడు బండి మీద గోనెసంచులు కప్పి తాడు కట్టారు. అశ్వత్థప్ప గారు రెండు మైకులు, చిన్న మిక్సర్ నా చేతిలో పెట్టారు. ఇంట్లో ఏదో ఒకటి చేసుకో, ఊరికే కూర్చోకు అన్నారు.

ఏప్రిల్ 18

నిన్న ఎస్పీ రోడ్డులో కంప్యూటర్ కొన్నాం. పడకగదిలో కిటికీ పక్కన పెట్టాం. మంచం హాల్లోకి వచ్చింది.

రత్నమ్మ పీణ్యలో నట్లు, బోల్టుల ఫ్యాక్టరీలో డిస్పాచ్ క్లర్కు. అక్కడ రెండేళ్ల కిందటే కంప్యూటర్ వచ్చింది. మౌస్ పట్టుకోవడం ఆమే నేర్పింది. రాయి పట్టుకున్నట్టు పట్టుకోవద్దంది. యాభై ఒకటో ఏట భార్య దగ్గర ఓనమాలు. ఈమధ్య ఆమె ఏం చెప్పినా అరిచినట్టే చెబుతోంది. ఉద్యోగంలో చికాకులేమో.

మే 2

కంప్యూటర్‌లో శబ్దం కనపడుతుంది!

టేపు మీద ఒక మాట తీసెయ్యాలంటే రెండు రీళ్లనూ చేత్తో ముందుకీ వెనక్కీ కదపాలి. ఆ గుర్రుమనే శబ్దంలో మాట మొదలు పట్టుకోవాలి. పెన్సిల్‌తో గుర్తు పెట్టి, బ్లేడుతో ఏటవాలుగా కోసి, అతికించాలి. అంతా చెవి మీదే. కోశాక కోసిందే. ఇక్కడ తెర మీద పచ్చటి గీత నడుస్తుంది. గొంతు పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే సన్నబడుతుంది. ‘స’ ఉన్న చోట పొట్టి గడ్డి మొలిచినట్టు దట్టంగా కనపడుతుంది. ఎక్కువైతే కళ్లతో చూసి తగ్గించొచ్చు. తప్పు చేస్తే ఒక్క కీ నొక్కితే వెనక్కి వచ్చేస్తుంది.

నిన్న ఒక టైలరింగ్ స్కూలు వాళ్ల ప్రకటన చేసిచ్చాను. క్లియర్‌గా ఉంది సార్ అన్నారు. రెండేళ్ల తర్వాత ఆ మాట విన్నాను.

చెవులు పోతే పోనీ. కళ్లున్నాయి. ఇంకో పదేళ్లు ఎవరికీ తెలియకుండా బతకొచ్చు.

మే 23

కరెంటు పోతే చేసిన పనంతా పోతోంది. యూపీఎస్ కొన్నాను. బ్యాటరీ మీద ఇరవై నిమిషాలు నడుస్తుంది. కాని కరెంటు పోగానే కుయ్ కుయ్‌మని కొట్టుకుంటుంది. మూత విప్పి బజర్ వైరు కత్తిరించాను. ఇక చప్పుడు లేదు.

జూన్ 20

కబ్బన్‌పేట లింగన్న వచ్చాడు. మగ్గాల ఇల్లు వాళ్లది. తల్లి హనుమక్కకు డెబ్బై దాటాయి. పెళ్లిళ్లకు, సీమంతాలకు ఆ పేటలో ఆమె పాడని ఇల్లు లేదు. అవన్నీ వాళ్ల అమ్మ, అమ్మమ్మ పాడిన పాటలు. ఎక్కడా రాసి లేవు. నేనే చిన్నప్పుడు మా అక్క పెళ్లిలో విన్నాను.

ఆమె గొంతులో గడ్డ ఉంది. జూలై పన్నెండున ఆపరేషన్. తర్వాత గొంతు ఎట్లుంటుందో చెప్పలేమన్నారట. “ఆ లోపల అమ్మ పాటలు పట్టియ్యాల అన్నా. మనవరాలు పెద్దదైనాక విననీ,” అన్నాడు. నాలుగేళ్ల పాప ఉంది అతనికి. పండు అంటారు.

ఒప్పుకున్నాను. ఒప్పుకోకుండా ఎట్లా ఉంటాను?

జూలై 4, ఉదయం 10

పరుపులు గోడలకు నిలబెట్టాను. కిటికీకి రెండు దుప్పట్లు. ఫ్యాన్ ఆపేశాను. రత్నమ్మ ఫ్యాక్టరీలో స్టాక్ చెకింగ్ అని ఆదివారమైనా వెళ్లింది. లింగన్న ఆటో దిగుతున్నాడు.

జూలై 4, సాయంత్రం 6

ఏడు పాటలు. ఇట్లాంటి రోజులు నా సర్వీసులో నాలుగో ఐదో ఉంటాయి.

హనుమక్క చాప మీద కూర్చుంది. మైకు చూసి, “ఇదేమప్పా, నా మొగం కాడ బీరకాయ పెట్టినావు” అంది. రెండో పాట తర్వాత కరెంటు పోయింది. ఆపుదామా అనుకున్నాను. అప్పటికే ఆమె కళ్లు మూసుకుని మూడోది ఎత్తుకుంది. ఆపలేదు. యూపీఎస్ మీదే మూడు పాటలు పాడింది. ఊరంతా కరెంటు పోయి, పక్కింటి టీవీ కూడా ఆగి, ఎంత నిశ్శబ్దం! ఆ మూడింట్లో ఆఖరిది జోలపాట. పడుగు పండుకొనె, పేక పండుకొనె, పాపా నువ్వూ పండుకోవే అని మొదలవుతుంది. రోజంతా నడిచిన మగ్గం నిద్రపోయింది, నువ్వూ నిద్రపో అని. అది పాడేటప్పుడు గొంతు తగ్గించి తగ్గించి, చివరికి మాటలోంచి ఊపిరిలోకి జారిపోయింది. తెర మీద గీత దారమంత సన్నమైంది.

లింగన్న మూలన కూర్చుని ఏదో చెప్పబోయాడు. చెయ్యెత్తి ఆపాను.

తర్వాత చూసుకున్నాను. గీత శుభ్రంగా ఉంది.

జూలై 13

ఆపరేషన్ అయింది. ప్రాణానికి ఏమీ లేదు. మాట్లాడితే గాలి మాత్రమే వస్తోందట.

ఆగస్టు 22

హనుమక్క కోలుకున్నందుకు లింగన్న ఇంట్లో సత్యనారాయణ వ్రతం. రత్నమ్మా నేనూ వెళ్లాం. ఇరవై సీడీలు చేయించాడు, కవర్ మీద తల్లి ఫోటోతో. వచ్చిన బంధువులకు తాంబూలంతో పాటు ఒక్కోటి ఇచ్చాడు. భోజనాలయ్యాక కొత్త ప్లేయర్లో పెట్టాడు.

మొదటి రెండు పాటలకు అందరూ కళ్లు తుడుచుకున్నారు. హనుమక్క మెడకు తువ్వాలు చుట్టుకుని కుర్చీలో కూర్చుంది. పండు ఆమె కాళ్ల దగ్గర. మూడో పాట మొదలైంది. పండు రెండు చేతులతో చెవులు మూసుకుంది. లింగన్న భార్య చేతులు తీయించింది. పిల్ల మళ్లీ మూసుకుంది. వద్దు వద్దు అని ఏడుపు మొదలుపెట్టింది. బయటికి తీసుకుపోయారు. ఆడుకుంటున్న ఇంకో ఇద్దరు పిల్లలు కూడా మొహం చిట్లించి లేచిపోయారు.

పెద్దవాళ్లు నవ్వారు. ఈ కాలం పిల్లలకు అవ్వ పాటలు ఎందుకు నచ్చుతాయి అన్నారెవరో. హనుమక్క గుమ్మం వైపు చూస్తూ ఉండిపోయింది.

నేను మాత్రం నవ్వలేకపోయాను. పిల్లల చెవులకు అందరికంటే సన్న శబ్దాలు అందుతాయి. ఆ పాటలో ఏదో ఉంది.

అదే రోజు, సాయంత్రం

లింగన్నకు చెప్పకుండానే ఇంటికొచ్చేశాను.

ఆగస్టు 25

మూడు రోజులు కంప్యూటర్ తెరవలేదు. ఇవాళ తెరిచాను.

మూడో పాటను నాలుగో వంతు స్పీడులో పెట్టాను. టేపు రోజుల్లోనూ అంతే, స్పీడు తగ్గిస్తే సన్న శబ్దాలు లావవుతాయి. హనుమక్క గొంతు మగవాడి మూలుగులా మారింది. దాని మీద, మొదటి నుంచి చివరిదాకా, ఆగకుండా, కీచుమని ఒక కూత. చక్రానికి నూనె లేని బండి దూరంగా పోతున్నట్టు.

యూపీఎస్. కరెంటు లేనప్పుడు, బ్యాటరీ మీద నడిచేటప్పుడు, బజర్ కాకుండా అది లోపల కూడా సన్నగా కూస్తుంది. నేను ఒక వైరు కత్తిరించి చప్పుడు లేదనుకున్నాను.

మూడు పాటల మీదా ఉంది. జోలపాటకు వచ్చేసరికి బ్యాటరీ దిగిపోతూ ఆ కూత కూడా పైకీ కిందికీ ఊగుతోంది. ఆమె గొంతు ఎంత తగ్గిందో అది అంత పైకి తేలింది.

పచ్చ గీతలో ఇదేమీ కనపడలేదు. అంత సన్నది గీతలో కనపడదు. చెవికే తెలియాలి.

సెప్టెంబర్ 6

ఎవరికీ చెప్పకుండా చెవుల డాక్టర్ దగ్గరికి వెళ్లాను. గాజు గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. చాలాసేపు నొక్కలేదు. అయిపోయిందా అని అడిగాను. ఇంకా నడుస్తోంది సార్ అంది ఆ అమ్మాయి.

కాగితం మీద రెండు గీతలు, రెండు చెవులకు. సెకనుకు నాలుగు వేల సైకిల్స్, అంటే మామూలు గొంతుల స్థాయి, దాకా ఫర్వాలేదు. ఆపైన రెండూ బావిలోకి దిగినట్టు దిగిపోయాయి. ఏళ్లకేళ్లు పెద్ద సౌండులో పనిచేసినందుకు అన్నాడు డాక్టర్. తిరిగి రాదు.

సెప్టెంబర్ 7

రత్నమ్మకు కాగితం చూపించాను. ఆమె సరిగా చూడను కూడా లేదు. మడిచి నా చేతికే ఇచ్చింది.

“మూడేండ్లుగా గట్టిగా మాట్లాడ్తా ఉండా. ఎందుకనుకొంటిరి?”

వ్రతం రోజు ఆ కూత ఆమెకూ వినపడింది. నా మొహం వైపు చూసిందట. నేను తల ఊపుతూ పాట వింటున్నాను. అప్పుడే అంతా అర్థమైందట. మరి ఎందుకు చెప్పలేదని అడిగాను. మీరే చెప్తారని చూస్తా ఉంటిని అంది. వంటింట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు.

సెప్టెంబర్ 12

ఆదివారం. రత్నమ్మ హెడ్‌ఫోన్ పెట్టుకుంది. నేను మౌస్ పట్టుకున్నాను. కూత వినపడినప్పుడు వేలెత్తమన్నాను. ఆరు వేల దగ్గర ఒకటి, దాని పైన ఇంకో రెండు. ఒక్కోటీ సన్నగా తగ్గించాలి. ఎక్కువ తగ్గిస్తే గొంతు చస్తుంది. అది నాకు తెలియదు, ఆమెకే తెలియాలి. రత్నమ్మకు సరిగమలు కూడా రావు. కాని, ఇప్పుడు కంబళి కప్పుకొని పాడినట్లుండాది అంది. సరిగ్గా అదే. తగ్గించిన దాంట్లోంచి కొంచెం వెనక్కి వచ్చాను.

రోజంతా కూర్చుంటే ఒక చరణం అయింది.

అక్టోబర్ 10

ఒక పాట పూర్తయింది.

నవంబర్ 7

దీపావళి. పటాకుల చప్పుడు. పని సాగలేదు. రత్నమ్మ మాత్రం హెడ్‌ఫోన్ తీయలేదు.

నవంబర్ 14

రెండో పాట అయింది. జోలపాట కాలేదు, కాదు. కూత ఊగుతోంది, దాని వెంట ఎక్కడికి పోయినా గొంతు తెగుతోంది. హనుమక్క ఊపిరీ ఆ కూతా ఒక్క చోటే ఉన్నాయి. తొమ్మిదిసార్లు ప్రయత్నించాం. ప్రతిసారీ రత్నమ్మ తల అడ్డంగా ఊపింది.

వెళ్లి చెప్పాలి.

నవంబర్ 21

చెప్పాను.

కబ్బన్‌పేటలో మధ్యాహ్నం మగ్గాలు నడుస్తున్నాయి. హనుమక్క మిద్దె మీద ఎండలో కూర్చుని ఉంది. రత్నమ్మ తోడొస్తానంది, వద్దన్నాను. లింగన్నను కూడా కూర్చోబెట్టి మొదటి నుంచి చెప్పాను. నా చెవులు, యూపీఎస్, మూడు పాటలు. పిల్ల ఎందుకు చెవులు మూసుకుందో. జోలపాట ఇక రాదని.

లింగన్న తల దించుకున్నాడు. ఆ కూత అతనికి రికార్డింగ్ రోజే వినపడిందట. “మిషన్ల సౌండేమో అనుకొంటిని అన్నా. మీరు తెలిసినోళ్లు, నేనేం చెప్పేది?” అన్నాడు. నేను చెయ్యెత్తి ఆపింది అతను మరిచిపోయాడో, మరిచిపోయినట్టు ఉన్నాడో.

పాట పోయిందని హనుమక్క అంటుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. దగ్గరికి రమ్మని సైగ చేసింది. గాలిలాంటి గొంతు. చెవి ఆమె నోటి దగ్గర పెట్టాల్సి వచ్చింది.

“ఆ పొద్దే చెప్పుంటే ఏమయ్యేదప్పా? నా గొంతంటే బిడ్డకు భయమనుకొంటిని. మూడు నెల్లు. అది దగ్గరికొస్తే నోరు మూసుకొని కూచుంటా ఉండా.”

అంతే అంది.

పాట చెడగొట్టింది నా చెవులు. మిగతాది నేనే చేశాను.

నవంబర్ 28

బాగు చేసిన రెండు పాటలు తీసుకెళ్లాను. పండును పిలిచారు. పిల్ల ముందే చేతులు చెవుల దగ్గరికి తెచ్చుకుంది. పాట మొదలయ్యాక దించింది. ఎవరు పాడేది అని అడిగింది. అవ్వ అని చెప్పారు. నమ్మనట్టు హనుమక్క నోటి వైపు చూసింది. హనుమక్క పెదాలు కదిపి, వచ్చినంత గాలితో పదం కలిపింది. పండు రెండో పాట సగంలో లేచి వీధిలోకి పరిగెత్తింది. ఆడుకోవడానికి. ఏడుస్తూ కాదు.

హనుమక్క ఇంకోసారి వెయ్యమంది. ముగ్గురం విన్నాం.

వచ్చేటప్పుడు గుమ్మంలో నా చెయ్యి పట్టుకుంది. జోలపాట మళ్లీ పాడతానంది. గొంతు ఈ స్థితిలో ఎట్లా అవ్వా అన్నాను. “ఉండే గొంతుతోనే. బిడ్డకు పాట కావాల కదా,” అంది.

డిసెంబర్ 12

పాత సీడీలు వెనక్కి తీసుకుని ఆరు పాటల కొత్తవి ఇవ్వడానికి ఇల్లిల్లూ తిరుగుతున్నాను. యలహంక నుంచి జయనగర్ దాకా. లింగన్న నేనిస్తాలే అన్నాడు. ఒప్పుకోలేదు. మొదటి ఇంట్లో నా చెవుల సంగతి చెప్పడానికి రెండు గ్లాసుల నీళ్లు తాగాను. పదిహేనో ఇంట్లో గుమ్మంలోనే చెప్పేశాను. బసవనగుడిలో ఒక ముసలాయన పాత సీడీ ఇవ్వనన్నాడు. మా ఇంట్లో చిన్నపిల్లలు లేరు, నాకేం వినపడలేదు, నీకూ వినపడలేదు, ఇంకేమి అన్నాడు.

డిసెంబర్ 19

సంగతి బయటికి వెళ్లింది. భజనల క్యాసెట్ చేయిస్తామన్న మండలి వాళ్లు ఫోన్ చేసి, వేరే చోట చూసుకుంటామన్నారు. మర్యాదగానే అన్నారు. టైలరింగ్ స్కూలు వాళ్లు మాత్రం మళ్లీ వచ్చారు. వినేది మా ఆవిడ అని ముందే చెప్పాను. సరే, మేడమ్‌తోనే మాట్లాడతాం అన్నారు.

2000 జనవరి 9, ఉదయం 11

హనుమక్క వచ్చింది. పండును ఒళ్లో పెట్టుకుని పాడింది. పాడింది అనొచ్చో లేదో. నాలుగు నిమిషాల పది సెకన్లు. పిల్ల నిద్రపోలేదు, మైకు వైరుతో ఆడుకుంది.

రత్నమ్మ ఒక్కసారి కూడా వేలెత్తలేదు. ఎట్లుందని అడిగాను. హెడ్‌ఫోన్ తీసి నా చెవులకు పెట్టింది.

నాకు వినపడినంత విన్నాను.